చిప్ మారింది, బూట్‌లోడర్ గుర్తుపట్టలేదు: యూ-బూట్‌లో ఎస్‌పీఐ ఫ్లాష్ డ్రైవర్ అమర్చుకునే పద్ధతి

వరంగల్ ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల మిరపకాయలు దాచే కోల్డ్ స్టోరేజీలు చాలా ఉన్నాయి. వాటి గదుల్లో చల్లదనం హద్దు దాటితే యజమాని ఫోనుకు సందేశం పంపే చిన్న బోర్డులను మేము హనుమకొండలో తయారుచేస్తాం. రెండేళ్లుగా పేచీ పెట్టని బోర్డు అది. ఈసారి విడతలో వచ్చినవి నలభై. ఒక్కటీ లేవలేదు. సీరియల్ వైరు తగిలించి చూస్తే కన్సోల్‌లో ఈ రెండు వరుసలు కనిపించాయి:

అన్‌రికగ్నైజ్డ్ జెడెక్ ఐడీ బైట్స్: సీ8, 40, 18
ఎస్‌పీఐ ప్రోబ్ ఫెయిల్డ్

సరఫరాదారు మాతో మాటైనా చెప్పకుండా విన్‌బాండ్ కంపెనీ ఎస్‌పీఐ ఫ్లాష్ చిప్ (కరెంటు పోయినా చెరగని, కొద్ది తీగలతో ప్రాసెసర్‌తో మాట్లాడే జ్ఞాపక చిప్) బదులు గిగాడివైస్ చిప్ వేయించాడు. చిప్ తప్పేమీ లేదు. మేము చూసినవాటిలో అదే 16 మెగాబైట్లు, అవే ఎనిమిది కాళ్లు, అవే ఆదేశాలు. మా బూట్‌లోడర్‌కు, అంటే కరెంటు రాగానే బోర్డును లేపి లినక్స్‌ను మొదలుపెట్టే యూ-బూట్ అనే ప్రోగ్రాముకు, ఆ తయారీదారు పేరు మేము నేర్పలేదు, అంతే. కాన్ఫిగరేషన్‌లో ఒక్క వరుస చేర్చగానే నలభై బోర్డులూ లేచాయి. కానీ ఆ వరుస ఎక్కడ, ఎందుకు చేర్చాలో, దాని చుట్టూ ఇంకా ఏమేం సరిచూసుకోవాలో తేల్చుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులు మీకు మిగలాలని ఇది రాస్తున్నాను.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఆదేశాలు, ఐచ్ఛికాల పేర్లు ఇక్కడ పలికినట్టే తెలుగులో రాశాను. ఫైళ్లలో అవి ఇంగ్లీషులో ఉంటాయి. ఐచ్ఛికాలైతే పెద్ద అక్షరాల్లో, ముందు "కాన్ఫిగ్" తగిలించుకుని, పదాల మధ్య అండర్‌స్కోర్‌తో కనిపిస్తాయి.

మెట్టు 1: ముందు నకలు

పనిచేస్తున్న పాత బోర్డు ఒక్కటైనా ఉంటే, దాని ఫ్లాష్‌లో ఉన్నదంతా కంప్యూటర్‌లోకి తీసి దాచండి. ఎనిమిది కాళ్ల చిప్‌ను పైనుంచి కరిచిపట్టే క్లిప్, సీహెచ్341ఏ ప్రోగ్రామర్, ఫ్లాష్‌రోమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు. చవగ్గా దొరికే నల్లరంగు సీహెచ్341ఏలలో చాలావాటికి ఒక అవలక్షణం ఉంది. చిప్‌కు 3.3 వోల్టుల కరెంటే ఇస్తూ, డేటా తీగల మీదికి మాత్రం 5 వోల్టులు వదులుతాయి. క్లిప్ పెట్టకముందే మల్టీమీటర్‌తో కొలిచి చూసుకోండి.

చదవడం రెండుసార్లు చేయండి. రెండు ఫైళ్లూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే అయితేనే నకలు నమ్మదగినది. 16 మెగాబైట్ల చిప్ అయితే ఫైలు కచ్చితంగా 1,67,77,216 బైట్లు ఉండాలి. లోపలంతా ఎఫ్ఎఫ్‌లే ఉంటే మీరు చదివింది చిప్‌ను కాదు, గాలిని. క్లిప్ సరిగ్గా కూర్చోలేదు.

మెట్టు 2: చిప్ మీది రాత, చిప్ చెప్పే మాట

చిప్ మీద లేజర్‌తో చెక్కిన అక్షరాలు ఎదురుగా చూస్తే కనపడవు. సుద్దముక్క రుద్ది, వేలితో తుడిచి, ఫోను టార్చ్‌ను పక్కనుంచి ఏటవాలుగా వేసి ఫొటో తీయండి. అక్షరాలు తెల్లగా తేలతాయి. ఆ ఫొటోను ఆ విడత కాగితాలతో పాటు దాచండి.

అయితే పైన రాసి ఉన్న పేరు సగం నిజమే చెబుతుంది. డబ్ల్యూ25క్యూ128 అనే పేరు మీద 3.3 వోల్టుల రకమూ ఉంది, 1.8 వోల్టుల రకమూ ఉంది. 128 తర్వాత వచ్చే అక్షరాల్లోనే తేడా. చిప్‌ను అడిగితే మాత్రం తేడా దాచదు. 9ఎఫ్ అనే ఆదేశం పంపితే దాదాపు ప్రతి ఎస్‌పీఐ నార్ చిప్ (నార్ అనేది ఈ ఫ్లాష్ రకం పేరు) మూడు బైట్లు జవాబిస్తుంది. మొదటిది తయారీదారు, రెండోది చిప్ కుటుంబం, మూడోది పరిమాణం. కన్సోల్ చూపిన జెడెక్ ఐడీ ఇదే. విన్‌బాండ్ 3.3 వోల్టుల రకం ఈఎఫ్ 40 18 అంటుంది, 1.8 వోల్టుల రకం ఈఎఫ్ 60 18 అంటుంది. గిగాడివైస్ సీ8 40 18, మాక్రోనిక్స్ సీ2 20 18. చివరి 18 అంటే రెండుకు 24వ ఘాతం, అంటే 16 మెగాబైట్లు (ఇవన్నీ హెక్సా, అంటే 16 ఆధారంగా లెక్కించే అంకెలు; హెక్సా 18 దశాంశంలో 24). 19 వస్తే 32 మెగాబైట్లు, 17 వస్తే 8.

మా బోర్డు సగం దూరం వచ్చి ఎందుకు ఆగిందో ఇక్కడ అర్థమవుతుంది. ప్రాసెసర్ లోపలి రోమ్ (తయారీలోనే ముద్రించిన మొదటి ప్రోగ్రాము) ఐడీ అడగదు. 03 అనే సాధారణ చదువు ఆదేశంతో యూ-బూట్‌లోని చిన్న మొదటి ముక్కను, అంటే ఎస్‌పీఎల్‌ను, ర్యామ్‌లోకి లాగేస్తుంది. ఆ ఎస్‌పీఎల్ మాత్రం మర్యాదగా ఐడీ అడుగుతుంది, తన పట్టికలో వెతుకుతుంది, దొరక్కపోతే చేతులెత్తేస్తుంది.

మెట్టు 3: మెనూలో ఐచ్ఛికాలు

ముందు మీ దగ్గరున్న యూ-బూట్ ఏ కాలానిదో చూడండి. 2008 అక్టోబరు నుంచి విడుదలల అంకెల్లోనే సంవత్సరం, నెల ఉంటాయి. 2019లో ఫ్లాష్ భాగాన్ని లినక్స్ కెర్నెల్‌లోని ఎస్‌పీఐ-నార్ కోడ్ ఆధారంగా తిరగరాశారు. దానికి ముందు వెర్షన్‌కు రాసిన సలహాలు తర్వాతి వాటికి అతకవు.

మీ బోర్డు డెఫ్‌కాన్ఫిగ్ (ఆ బోర్డుకు ఎంచిన ఐచ్ఛికాల ఫైలు) ఎక్కించి, ఐచ్ఛికాల మెనూ చూపే మేక్ మెనూకాన్ఫిగ్ తెరవండి. డివైస్ డ్రైవర్స్‌లో ఎంటీడీ సపోర్ట్, అందులో ఎస్‌పీఐ ఫ్లాష్ సపోర్ట్. అక్కడ కావలసినవి నాలుగు పొరలుగా ఉంటాయి. ఒక పొర లేకపోయినా పైది నిలబడదు.

అడుగున కంట్రోలర్ డ్రైవర్. ఇది చిప్‌ది కాదు, మీ ప్రాసెసర్‌ది. ఐ.ఎంఎక్స్ వాళ్లకు ఎంఎక్స్‌సీ_ఎస్‌పీఐ లేదా ఎఫ్ఎస్ఎల్_క్యూఎస్‌పీఐ, రాక్‌చిప్ వాళ్లకు రాక్‌చిప్_ఎస్‌పీఐ, ఎస్‌టీఎం32 వాళ్లకు ఎస్‌టీఎం32_క్యూఎస్‌పీఐ. దాని మీద ఎస్‌పీఐ, డీఎం_ఎస్‌పీఐ, ఎస్‌పీఐ_ఫ్లాష్, డీఎం_ఎస్‌పీఐ_ఫ్లాష్. ఆ పైన తయారీదారు పేరు. మా నలభై బోర్డులనూ లేపిన వరుస ఇక్కడిదే: ఎస్‌పీఐ_ఫ్లాష్_గిగాడివైస్. అన్నిటికన్నా పైన, కన్సోల్ నుంచి చిప్‌తో మాట్లాడటానికి సీఎండీ_ఎస్ఎఫ్.

తయారీదారు పేర్లలో ఒక్కదానికే టిక్కు పెట్టి ఊరుకోకండి. ఒక్కో పేరుకు పట్టికలో కొన్ని వరుసలు పెరుగుతాయి, అంతే. విన్‌బాండ్, గిగాడివైస్, మాక్రోనిక్స్, ఎస్‌టీమైక్రో, ఐఎస్ఎస్ఐ, ఈ ఐదూ పెట్టుకుంటే సరఫరాదారు మళ్లీ మనసు మార్చుకున్నా మీ నిద్ర చెడదు. ఐడీ పట్టికలో అసలే లేని కొత్త చిప్ అయితే, డ్రైవర్స్, ఎంటీడీ, ఎస్‌పీఐ ఫోల్డర్లలో ఉన్న ఎస్‌పీఐ-నార్-ఐడీస్ ఫైలులో మీరే ఒక వరుస చేర్చాలి. పేరు, ఐడీ, బ్లాకు పరిమాణం, బ్లాకుల సంఖ్య, ఏ సదుపాయాలున్నాయో. పక్క వరుసను నకలు చేసి మార్చడం తేలికే, కానీ సదుపాయాలను డేటాషీట్ చూసి మాత్రమే రాయండి. లేని నాలుగు తీగల చదువు ఉందని రాస్తే ఐడీ చక్కగా వస్తుంది, డేటా చెత్తగా వస్తుంది. ఆ తప్పును పట్టుకోవడం కష్టం.

4కే_సెక్టార్స్ అనే ఐచ్ఛికం దగ్గర ఒక నిమిషం ఆగాలి. అది ఆన్‌లో ఉంటే ఫ్లాష్‌ను 4 కిలోబైట్ల చొప్పున చెరుపుతారు, ఆఫ్‌లో ఉంటే 64 కిలోబైట్ల చొప్పున. విన్‌బాండ్ డేటాషీట్ ప్రకారం 4 కిలోబైట్లు చెరపడానికి మామూలుగా 45 మిల్లీసెకన్లు, 64 కిలోబైట్లకు 150. మొత్తం 16 మెగాబైట్లు చెరపాలంటే మొదటి పద్ధతిలో మూడు నిమిషాలకు పైగా, రెండో పద్ధతిలో 40 సెకన్ల లోపు. పైగా లినక్స్‌లో యూబీఐఎఫ్ఎస్ అనే ఫ్లాష్ ఫైల్ సిస్టమ్ వాడేవారికి 4 కిలోబైట్ల సెక్టారు (ఒకేసారి చెరిగే ముక్క) పనికిరాదు. దానికి కనీసం 15 కిలోబైట్లు కావాలి. సెట్టింగులు దాచుకునే చిన్న జాగా కోసం తప్ప 4 కిలోబైట్లతో నాకు పని పడలేదు.

బయటికొచ్చి బిల్డ్ చేశాక ఒక తనిఖీ: తయారైన డాట్ కాన్ఫిగ్ ఫైలులో మీరు పెట్టిన పేర్లు నిజంగా ఉన్నాయో లేదో గ్రెప్ అనే వెతికే ఆదేశంతో చూడండి. ఆ ఫైలును చేత్తో దిద్దేవారికి ఇది మరీ ముఖ్యం. ఆధారపడిన ఐచ్ఛికం లేకపోతే ఐచ్ఛికాల లెక్క చూసే కేకాన్ఫిగ్ మీ వరుసను చడీచప్పుడూ లేకుండా తీసేస్తుంది. నేను మొదటి రోజంతా పోగొట్టుకున్నది అక్కడే. అన్నీ సరిగా ఉంటే మేక్ సేవ్‌డెఫ్‌కాన్ఫిగ్‌తో భద్రపరచండి.

మెట్టు 4: డివైస్ ట్రీ

డ్రైవర్ ఉన్నంతమాత్రాన సరిపోదు. చిప్ ఏ తీగకు వేలాడుతోందో చెప్పాలి. బోర్డు మీద ఏది ఎక్కడుందో రాసే డివైస్ ట్రీ ఫైలు పని అదే. ఎస్‌పీఐ కంట్రోలర్ నోడ్‌లో స్టేటస్ "ఓకే" అని ఉండాలి, పిన్నుల కేటాయింపు ఉండాలి. దాని లోపల ఫ్లాష్ నోడ్. అందులో కంపాటిబుల్ విలువ "జెడెక్,ఎస్‌పీఐ-నార్". రెగ్ విలువ చిప్ సెలెక్ట్ (ఏ చిప్‌తో మాట్లాడుతున్నామో చెప్పే తీగ) అంకె, చాలా బోర్డుల్లో 0. ఎస్‌పీఐ-మ్యాక్స్-ఫ్రీక్వెన్సీని మొదట 10 మెగాహెర్ట్జ్ దాటనివ్వకండి. చిప్ వందకు పైగా లాగుతుందని డేటాషీట్ చెబుతుంది, నిజమే. కానీ మీ బోర్డులో తీగల పొడవు డేటాషీట్ రాసినవారికి తెలియదు. అన్నీ కుదిరాక పెంచుకోవచ్చు.

డివైస్ ట్రీలో మారుపేర్లు రాసే ఎలియాసెస్‌లో ఎస్‌పీఐ0 ఏ కంట్రోలర్‌కు చూపిస్తోందో గమనించండి. కన్సోల్‌లో మీరు 0:0 అన్నప్పుడు మొదటి సున్న అదే.

మెట్టు 5: ఎస్‌డీ కార్డు నుంచి లేపి అడగండి

కొత్త యూ-బూట్‌ను నేరుగా ఫ్లాష్‌లో రాయకండి. ఎస్‌డీ కార్డు మీద పెట్టి అక్కడినుంచి లేపండి. ఫ్లాష్‌ను ఇంకా ముట్టుకోలేదు కాబట్టి ఎన్ని తప్పులు చేసినా పోయేదేమీ లేదు. కన్సోల్‌లో:

ఎస్ఎఫ్ ప్రోబ్ 0:0

అంతా బాగుంటే చిప్ పేరు, పేజీ 256 బైట్లు, చెరిపే పరిమాణం, మొత్తం 16 మెగాబైట్లు అని ఒక వరుస వస్తుంది. రాకపోతే, వచ్చిన మూడు బైట్లే రోగ లక్షణం చెబుతాయి.

ఎఫ్ఎఫ్ ఎఫ్ఎఫ్ ఎఫ్ఎఫ్ వస్తే చిప్ అసలు మాట్లాడటం లేదు. కరెంటు అందలేదు, లేదా చిప్ సెలెక్ట్ వేరే పిన్ను మీద ఉంది. 1వ కాలు, 8వ కాలు మల్టీమీటర్‌తో చూడండి. ఎనిమిదోది కరెంటు, ఒకటోది చిప్ సెలెక్ట్. 7వ కాలు కిందికి లాగి ఉన్నా చిప్ మౌనం పాటిస్తుంది. అన్నీ సున్నలు వస్తే డేటా తీగను ఎవరో నేలకు అదిమిపట్టారు, లేదా ఆ పిన్నును ఎస్‌పీఐకి కేటాయించనే లేదు.

అన్నిటికన్నా తమాషా మూడో రకం. అర్థంలేని ఐడీ వస్తుంది, ప్రతిసారీ అదే వస్తుంది. మాకు ఒక బోర్డులో 64 20 0సీ వచ్చింది. అలాంటి తయారీదారు ఎవరబ్బా అని ఒక పూట వెతికాం. చివరికి కాగితం మీద బిట్లుగా రాస్తే తెలిసింది. సీ8 40 18ని బిట్లుగా రాసి, మొత్తాన్ని కుడికి ఒక్క గడి జరిపితే వచ్చేది 64 20 0సీ. చిప్ సరిగ్గానే చెబుతోంది, మా కంట్రోలర్ ఒక క్లాక్ ముందే వినడం మొదలుపెడుతోంది. ఎస్‌పీఐ నార్ చిప్‌లు క్లాక్ పద్ధతుల్లో (ప్రతి బిట్‌ను ఎప్పుడు వినాలో తేల్చేవి) 0, 3 మాత్రమే ఒప్పుకుంటాయి. మాది 1 అని పడి ఉంది. వింత ఐడీ వస్తే ఇంటర్నెట్ తెరిచే ముందు బిట్లు జరిపి చూడండి.

వేగం అనుమానమైతే ప్రోబ్ చివర 1000000 అని చేర్చి ఒక మెగాహెర్ట్జ్‌తో అడగండి. ఇక్కడ మాత్రం అంకెను దశాంశంగానే చదువుతుంది. చిరునామాలు, పొడవులు అన్నీ హెక్సా. 100000 అంటే లక్ష కాదు, 10,48,576. ఇది మరిచిపోయి కెర్నెల్‌ను చెరిపేసుకున్నవారిలో నేనూ ఒకణ్ని.

మెట్టు 6: చెరిపి, రాసి, చదివి చూడండి

వరి మడికి నీళ్లు పెడితే మడి మొత్తం తడుస్తుంది. ఒక్క మొక్కకే నీళ్లు పెడతానంటే కుదరదు. ఫ్లాష్‌లో చెరపడమూ అంతే, సెక్టారు మొత్తం చెరగాలి. చెరిపితే బిట్లన్నీ ఒకట్లవుతాయి. రాయడం అంటే వాటిలో కొన్నిటిని సున్నలు చేయడమే. సున్నను తిరిగి ఒకటి చేయడం రాతకు చేతకాదు.

దీన్ని కళ్లారా చూడటానికి ఐదు నిమిషాలు పడుతుంది. మా బోర్డులో ర్యామ్ 80000000 దగ్గర మొదలవుతుంది, ఫ్లాష్‌లో 900000 దగ్గర ఏమీ లేదు. మీ చిరునామాలు మీరు వేసుకోండి.

ఎస్ఎఫ్ ఎరేజ్ 900000 +10000
ఎండబ్ల్యూ.బీ 82000000 66 100
ఎస్ఎఫ్ రైట్ 82000000 900000 100
ఎండబ్ల్యూ.బీ 82000000 33 100
ఎస్ఎఫ్ రైట్ 82000000 900000 100
ఎస్ఎఫ్ రీడ్ 83000000 900000 100
ఎండీ.బీ 83000000 20

మొదట 66 రాశారు, చెరపకుండా పైన 33 రాశారు. చదివితే వచ్చేది 22. రెండిటిలోనూ ఒకటిగా ఉన్న బిట్లే మిగిలాయి. రెండు రాతలూ విజయవంతం అనే కన్సోల్ చెప్పి ఉంటుంది, గమనించండి. రాత సఫలమైందన్న మాటకు విలువ లేదు, తిరిగి చదివి పోల్చితేనే నమ్మాలి.

చెరిపినా రాసినా ఏమీ మారకపోతే చిప్‌కు తాళం పడి ఉంది. స్టేటస్ రిజిస్టరులోని రక్షణ బిట్ల పని అది. ఎస్ఎఫ్ ప్రొటెక్ట్ అన్‌లాక్ 0 1000000 అని తాళం తీయండి. తీసినా మళ్లీ పడుతుంటే 3వ కాలు నేలకు కట్టి ఉందేమో చూడండి.

మెట్టు 7: గట్లు వేయడం

ఫ్లాష్‌లో ఏది ఎక్కడ ఉండాలో ముందే కాగితం మీద గీసుకోండి. మాది ఇలా ఉంది. మొదటి 128 కిలోబైట్లు ఎస్‌పీఎల్‌కు. హెక్సా 20000 నుంచి 100000 దాకా యూ-బూట్. 100000 దగ్గర ఎన్విరాన్‌మెంట్ (యూ-బూట్ సెట్టింగుల జాగా), 110000 దగ్గర దాని జత. 200000 నుంచి కెర్నెల్.

గట్టు తెగేది సాధారణంగా యూ-బూట్ వైపునుంచి. ఐచ్ఛికాలు చేర్చినకొద్దీ అది లావవుతుంది, ఒకరోజు పక్క మడిలోకి పొర్లుతుంది. మా లెక్కలో దాని హద్దు 9,17,504 బైట్లు. బోర్డ్_సైజ్_లిమిట్‌లో ఆ అంకె పెడితే, హద్దు మీరిన రోజు బిల్డే ఆగిపోతుంది. కోల్డ్ స్టోరేజీకి వెళ్లి నిలబడాల్సిన పని ఉండదు.

ఎన్విరాన్‌మెంట్‌కు ఎన్వ్_ఈజ్_ఇన్_ఎస్‌పీఐ_ఫ్లాష్ పెట్టి, ఆఫ్‌సెట్, సైజు, సెక్టారు సైజు ఇవ్వాలి. సెక్టారు సైజు, మెట్టు 3లో మీరు ఎంచుకున్న చెరిపే పరిమాణం ఒకటే కావాలి. ఎన్విరాన్‌మెంట్ ఉన్న సెక్టారులో ఇంకేదీ పెట్టకండి. సేవ్‌ఎన్వ్ అన్నప్పుడు యూ-బూట్ పక్కదాన్ని ర్యామ్‌లోకి తీసుకుని, సెక్టారు చెరిపి, తిరిగి రాస్తుంది. సరిగ్గా ఆ మధ్యలో కరెంటు పోతే రెండూ పోతాయి. అందుకే జత కాపీ ఐచ్ఛికం తప్పనిసరిగా పెట్టుకోండి. ఒకటి పాడైతే సీఆర్‌సీ (డేటా చెడిందో లేదో తేల్చే అంకె) కలవదు, రెండోది తీసుకుంటుంది. ఏళ్లుగా ఈ ఐచ్ఛికం పేరులో రిడండెంట్ అన్న మాటను తప్పు స్పెల్లింగుతో రాస్తూ వచ్చారు, కొత్త వెర్షన్లలో పేరే మార్చారు. సరైన స్పెల్లింగుతో వెతికి, లేదనుకోకండి.

మొదటిసారి లేపినప్పుడు "బ్యాడ్ సీఆర్‌సీ, డిఫాల్ట్ ఎన్విరాన్‌మెంట్ వాడుతున్నాను" అన్న హెచ్చరిక రావడం సహజం. సేవ్‌ఎన్వ్ చేశాక కూడా వస్తే ఆఫ్‌సెట్ తప్పు.

మెట్టు 8: ఎస్‌పీఎల్‌కు కూడా చెప్పాలి

ఎస్‌డీ నుంచి అంతా బాగా నడిచి, ఫ్లాష్ నుంచి మాత్రం లేవకపోతే తప్పు ఇక్కడే ఉంటుంది. ఎస్‌పీఎల్‌కు వేరే ఐచ్ఛికాలు ఉన్నాయి: ఎస్‌పీఎల్_ఎస్‌పీఐ, ఎస్‌పీఎల్_ఎస్‌పీఐ_ఫ్లాష్_సపోర్ట్, ఎస్‌పీఎల్_ఎస్‌పీఐ_లోడ్. యూ-బూట్ ఎక్కడుందో చెప్పే ఎస్‌వైఎస్_ఎస్‌పీఐ_యూ_బూట్_ఆఫ్స్ మా పటం ప్రకారం హెక్సా 20000. డివైస్ ట్రీలో కంట్రోలర్ నోడ్‌కు, ఫ్లాష్ నోడ్‌కు బూట్‌పీహెచ్-ఆల్ గుర్తు ఉండాలి. 2023కు ముందు వెర్షన్లలో దీని బదులు యూ-బూట్,డీఎం-ప్రీ-రీలాక్ లాంటి పేర్లు వాడేవారు. గుర్తు లేకపోతే ఎస్‌పీఎల్‌కు అందే ట్రీలో ఆ నోడ్లే ఉండవు.

జాగా చాలకపోతే ఫ్లాష్ డ్రైవర్‌లో టైనీ అనే కురచ రకం ఉంది. అది చదువుతుంది, రాయదు. ఎస్‌పీఎల్‌కు రాసే పని ఎలాగూ లేదు.

మెట్టు 9: 16 మెగాబైట్లు దాటిన చిప్‌లు

మీది 16 లేదా అంతకు తక్కువైతే దీన్ని దాటేయండి.

మూడు బైట్ల చిరునామాతో 16 మెగాబైట్ల దాకానే అందుతుంది. 32 మెగాబైట్ల చిప్‌లో పైసగం చదవాలంటే నాలుగు బైట్ల పద్ధతికి మారాలి. లినక్స్ అలా మార్చి వాడుకుంటూ ఉండగా ఎవరైనా రీబూట్ అంటారు. ప్రాసెసర్ మళ్లీ మొదలవుతుంది, చిప్‌కు మాత్రం ఆ సంగతి తెలియదు. అది నాలుగు బైట్లకు ఎదురుచూస్తుంటుంది, రోమ్ మూడే పంపుతుంది. బోర్డు చచ్చినట్టు పడి ఉంటుంది. కరెంటు తీసి పెడితే ఏమీ ఎరగనట్టు లేస్తుంది. ఈ లక్షణం కనిపిస్తే ఇంకెక్కడా వెతకకండి. సరైన మందు, ప్రాసెసర్‌తో పాటు చిప్ కూడా రీసెట్ అయ్యేలా తీగ వేయడం. బోర్డు అయిపోయాక చేయగలిగింది, పద్ధతి మార్చకుండానే నాలుగు బైట్లు తీసుకునే ప్రత్యేక ఆదేశాలున్న చిప్ వాడటం, లేదా లినక్స్ డివైస్ ట్రీలో బ్రోకెన్-ఫ్లాష్-రీసెట్ గుర్తు పెట్టడం.

మెట్టు 10: రాయడం

బోర్డును ఇన్వర్టరు మీద పెట్టండి. గాలి దుమారం లేచే ఎండాకాలపు సాయంత్రాల్లో ఈ పనికి కూర్చోకండి. ఎస్‌డీ కార్డు నుంచి ఫైలును ర్యామ్‌లోకి తెచ్చి, సీఆర్‌సీ32 ఆదేశంతో వచ్చిన విలువ కంప్యూటర్‌లో వేసిన విలువతో కలిసిందో చూసి, అప్పుడు ఎస్ఎఫ్ అప్‌డేట్ వాడండి. ఎరేజ్, రైట్ విడివిడిగా చేయడం కన్నా ఇది మేలు. సెక్టారు వారీగా చదివి పోల్చి, తేడా ఉన్నవాటినే చెరిపి రాస్తుంది. సెక్టారు లక్ష సార్లు చెరపడం దాకా మన్నుతుందని డేటాషీట్ మాట, కానీ పరీక్షలు చేసే బోర్డుల్లో ఆ లెక్క అనుకున్నదానికన్నా త్వరగా కరుగుతుంది.

రాశాక మళ్లీ మరో చోటికి చదివి, సీఎంపీ.బీతో పోల్చండి. ఎస్‌డీ కార్డు తీసేయండి. కరెంటు తీసి పెట్టి పదిసార్లు, రీసెట్ ఆదేశంతో పదిసార్లు, లినక్స్ లోపలినుంచి రీబూట్ అని పదిసార్లు లేపండి. ఈ మూడూ వేరు వేరు దారులు. మా నలభైలో రెండు బోర్డులు మొదటి రెండు దారుల్లో చక్కగా నడిచి, మూడోదాంట్లో ఆగాయి. వాటి చిప్‌లను సుద్ద రుద్ది చూస్తే పైన 256 అని ఉంది, అంటే 256 మెగాబిట్లు. అవి 32 మెగాబైట్లవి, మెట్టు 9లో చెప్పిన రకం.